కాక పెంచిన మేకలు

మొన్న ఎండాకాలం మా అన్న బిడ్డ నాలుగు రోజులు ఉండిపోదామని మా ఇంటికి వచ్చింది. తిండి పదార్థాల మీద ఏదో పెద్ద చదువు చదువుతోంది. పుచ్చకాయ కోసి, ఎర్రటి ముక్కలు గిన్నెలో వేసి, తొక్కలు చెత్తబుట్టలో వేయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు కాకా, గా తెల్లటిది పారెయ్యకు. అసలు సంగతి దాంట్లనే ఉన్నది."

తొక్క లోపలి తెల్లటి భాగంలో రక్తనాళాలను వదులు చేసే పదార్థమేదో ఉందట. దానిమ్మ తొక్కనూ, ఉల్లిపొట్టునూ కూడా ఇప్పుడు ఇలాగే పరీక్షిస్తున్నారట. మనం పారేసే చెత్తలోంచి మందు తీయొచ్చేమోనని చూస్తున్నారట. దేనికి మందు అని అడిగాను. అది కాస్త సిగ్గుపడి, చదువుకున్న పిల్ల కాబట్టి ఆ సిగ్గును వెంటనే పక్కన పెట్టి, "మగోళ్ల సమస్యకు కాకా. రక్తం సరిగ్గ పారకపోతే వస్తది గద, దానికి. ఇంకా తేలలే. మందని ఇప్పుడే చెప్పరాదు" అంది.

నేను ఆ తొక్కలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గోదావరిఖనిలో నా జ్యూస్ బండి దగ్గరికి ఏడాదికి పైగా వస్తూ ఉన్న ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆయన పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. నోరు విప్పకుండానే ఒకసారి ఆయన్ను బజారున పడేశాను. మళ్లీ ఆ పని చేయలేను.

అందరూ పిలిచినట్టే నేనూ ఆయన్ను కాక అనేవాణ్ణి. రెండువేల తొమ్మిది ప్రాంతం. డిగ్రీ కాగితం పెట్టెలో దాచి, నౌకరి వచ్చేదాకా అని చెప్పుకుంటూ, చౌరస్తాకు దగ్గర్లో పండ్లరసాల బండి పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి మొదటి షిఫ్టు దిగేది. స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని వచ్చినా గని కార్మికుల కళ్ల అంచుల్లో బొగ్గు మిగిలే ఉంటుంది, కాటుక పెట్టుకున్నట్టు. ఆ కాటుక కళ్లతో, భుజానికి టిఫిన్ డబ్బా సంచీ తగిలించుకుని, సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడు కాక. సైకిల్ ఎక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి తొందరగా చేరాలన్న ఆత్రం లేని మనిషి అలాగే నడిపించుకుంటూ వస్తాడని అప్పట్లో నాకు తోచలేదు.

ఆయన గనిలో టింబర్‌మన్. అంటే లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ పెట్టే ముందు కర్రతో పైన తట్టి చూడాలి. బండ గట్టిగా పలికితే భయం లేదు, బోలుగా మోగితే పరుగెత్తాలి. పాతికేళ్లకు పైగా ఆ పని చేసి చేసి ఆయన చెయ్యి దేన్నీ ఊరికే వదిలేది కాదు. బండి చెక్క, నీళ్ల డ్రమ్ము, కూర్చోబోయే స్టూలు, అన్నింటినీ మధ్యవేలి కణుపుతో రెండుసార్లు తట్టి, తల కాస్త వంచి విని, అప్పుడు కూర్చునేవాడు. నా పుచ్చకాయలన్నీ ఆయనే తట్టి ఏరిపెట్టేవాడు. ఒక్కటీ తప్పేది కాదు.

"బోలుగ మోగితే మీ తాన పండు మంచిదంటరు. మా బొగ్గుబాయిల గట్ల మోగితే ఉరకాలె తమ్మీ. ఒక్కతీరుగనే మోగుతయి, ఏం చేద్దువు" అనేవాడు. వినే కొద్దీ నాకు ఆ మాట బాగుండేది. ఆయనకు మాత్రం అది తమాషా మాట కాదు.

ఆయన రసం తాగేవాడు కాదు. తొక్కలు తీసుకుపోయేవాడు. రోజంతా పోగైన పుచ్చతొక్కలు, దానిమ్మ తొక్కలు ఒక గోనెసంచీలో వేసి ఉంచమని మొదటిరోజే అడిగాడు. ఇంట్లో రెండు మేకలున్నాయని చెప్పాడు. సంచీ విప్పి, మెత్తబడినవి తీసేసి, తెల్లటి భాగం మందంగా ఉన్న వాటిని ఏరుకునేవాడు. మేకల కోసం ఇంత ఏరివేత ఏమిటని నేను ఆట పట్టించేవాణ్ణి.

"మీ మేకలకు పెండ్లిసంబంధం చూస్తున్నవా కాకా? గింత మురిపెం చేస్తున్నవు."

"నల్లదానికి నోరు మా గొప్పది తమ్మీ. ఏది వడితే అది ముట్టది."

ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. వాటి కబుర్లు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. నల్లది ఇయాల అలిగింది, మేత ముట్టలేదు. నల్లది రాత్రి దగ్గింది, జర ఫికరయింది. ఎర్రది ఉత్త సోమరిది, దేనికీ పనికి రాదు, దాణా దండగ. నల్లది మంచిది గనక దాన్ని భరిస్తున్నది. ఇలా. నేను నిమ్మకాయలు పిండుతూ ఊఁ కొట్టేవాణ్ణి. ఇంకా పిల్లల్ని ఈనలేదా అని ఒకసారి అడిగాను. సంచీ మూతి కట్టి, ముడి విప్పి, మళ్లీ కట్టాడు. "నల్లదాంట్ల కసురు లేదు" అన్నాడు, లోపం దానిది కాదన్నట్టు. ఎర్రదాని మాట ఎత్తలేదు.

ఒకనాడు టిఫిన్ డబ్బా నా బండి మీద మరిచిపోయాడు. మర్నాడు ఆయనకు వారపు సెలవని తెలుసు. పొద్దున ఎనిమిదింటికి కార్మికుల కాలనీ వైపు ఎలాగూ పనిబడి పోతున్నాను కదా అని ఆయన క్వార్టర్ వెతుక్కుంటూ వెళ్లాను. కంపెనీ క్వార్టర్లన్నీ ఒకేలా ఉంటాయి, నలుగురిని అడగాల్సి వచ్చింది. నాలుగో ఇల్లాలు చెయ్యి చూపించి, "పిల్లలు లేనోళ్ల ఇల్లా? గదే" అంది.

కాక లేడు, కూరగాయలకు పోయాడు. ఆయన భార్య వాకిట్లో ఉంది. నల్లటి మనిషి, పెద్ద కళ్లు. వాకిట్లో మంచం మీద పాత చీర పరిచి ఉంది. దాని మీద మూడు కుప్పలు ఎండుతున్నాయి. పచ్చతోలు చెక్కేసిన పుచ్చతొక్క ముక్కలు, దానిమ్మ తొక్కలు, ఉల్లిపొట్టు. మేకలు కనిపించలేదు. గూటం లేదు, తాడు లేదు, మేకల వాసన కూడా లేదు.

"మేకలు మేతకు పోయినయా అక్కా?" అన్నాను.

"మేకలా? కాలు పెట్టనీకి జాగ లేదు ఈడ. మాకు మేకలెక్కడియి తమ్మీ?"

నేను డబ్బా చేతికిచ్చి, జ్యూస్ బండి వాణ్ణని చెప్పాను. ఆమె మంచం వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తెలివితక్కువగా నల్లది, ఎర్రది అని ఏదో అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది.

"నాతోని గ్యాస్‌కు మందని చెప్పిండు. గ్యాస్‌కు గింత ఫికరెవ్వలు పడ్తరు? ఎండవెట్టుడు, దంచుడు, డ్యూటీకి పోంగ తాగుడు. నాకు ఎరుకైనట్టు చెయ్యకు తమ్మీ. ఆశ పెట్టుకున్నడు. ఆశను మనం చూసినమని తెలిస్తే సిగ్గువడ్తడు."

గోడ పక్క నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. పక్కింట్లో ఇరవయ్యొకటో రోజు తొట్టెల కార్యం, వాకిట్లో ఆడవాళ్ల సందడి. మీరు పోలేదా అని అడిగి నాలుక కరుచుకున్నాను. ఆమె మామూలుగానే చెప్పింది.

"నన్ను పిలువరు. తప్పు నాదేనని వాడకట్టంత నేనే చెప్పిన. దవాఖాన బుక్కుల నా పేరు మీద పేజీలకు పేజీలు రాసిండ్రు. పరీక్షలన్నరు, గోలీలన్నరు, అన్ని మింగిన. ఆయిన పదిమందిల తిరిగేటోడు. తలెత్తుకోని తిరగాలె గద."

ఆ మాట విని నేను చలించిపోయానని రాయాలని ఉంది. నిజానికి ఆ రోజు నాకు కలిగింది కుతూహలమే. ఎవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలిసిందన్న చిన్న సంబరం. అప్పుడు నా వయసు ఇరవై ఆరు.

మర్నాడు కాక వచ్చాడు. స్టూలు తట్టలేదు, కూర్చోలేదు.

"డబ్బా ఇంటికి తెచ్చినవట. మేకలను చూసినవా?"

"చూడలె కాకా. మేతకు పోయినయేమో."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆ రోజుల్లో నేను చేసిన ఒకే ఒక మంచి పని ఆ అబద్ధం. అది ఆయనకు అర్థమైంది. స్టూలు దగ్గరికి లాక్కుని, రెండుసార్లు తట్టి, కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. నా వైపు చూడకుండా, రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తూ చెప్పాడు.

పెళ్లయిన కొత్తలో బాగానే ఉన్నాడు. తర్వాత ఒకసారి పైకప్పు కూలింది. ఆయన తట్టి, బాగుందని చెప్పిన చోటే కూలింది. పక్కనున్న మనిషి పోయాడు, ఈయన బయటపడ్డాడు. ఆనాటి నుంచి ఒంట్లో ఏదో ఆరిపోయింది. సంవత్సరాలు గడిచాయి. మందమర్రిలో ఒక ముసలి హకీం సాబ్ మాత్రం ఆయన మాట చివరిదాకా విన్నాడట. లోకం పారేసే దాంట్లోనే బలముంటుందని చెప్పి, ఈ తొక్కల పొడిని నలభై రోజులు తప్పకుండా తాగమన్నాడట. మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటి నుంచి. రెండో షిఫ్టు పడిన ప్రతిసారీ నా బండికి రాలేక, తొక్కలు అందక, కాకకు లెక్క తప్పేది. అలా ఎన్నిసార్లు మొదటి నుంచి మొదలుపెట్టాడో ఆయనకే తెలియదు.

"కంపెనీ దవాఖానల చూపెట్టుకోరాదా కాకా?"

"ఆడ చెప్తే బుక్కుల రాస్తరు. బుక్కుల రాస్తే అన్‌ఫిట్ అంటరు. అన్‌ఫిట్ అయినోడు నౌకరి కొడుకుకు రాసిచ్చి ఇంట్ల కూసుంటడు. నాకు కొడుకే లేకపాయె. నౌకరి పాయె, క్వార్టర్ పాయె, గీమెను ఏడికి తోలుకపోను?"

మా ప్రాంతంలో ఆ ఒక్క మాట కోసం జనం పడిగాపులు పడేవాళ్లు. వయసు మీదపడ్డ కార్మికుడికి అన్‌ఫిట్ అని కాగితం వస్తే కొడుక్కి ఉద్యోగం. దాని కోసం తండ్రులు లేని నొప్పులు చెప్పుకునేవాళ్లు. ఉన్న నొప్పిని దాచుకున్నవాణ్ణి నేను చూసింది ఈయనొక్కణ్ణే.

"ఇంకోటి జెప్త తమ్మీ. మా అన్నదమ్ములు రెండో పెండ్లి చేసుకోమంటరు. నేను వద్దంట. వద్దన్నందుకు అందరు నన్ను మెచ్చుకుంటరు. పిల్లలు గాకున్నా పెండ్లాన్ని ఇడువలేదు, దేవునసొంటోడు అంటరు. ముస్టర్ కాడ హాజరు పిలిచేటప్పుడు గూడ గదే మాట. గా మాట ఇన్నప్పుడల్ల..." అని ఆగిపోయాడు. చేతిలో ఉన్న దానిమ్మ తొక్కను వేలితో తట్టాడు. దానికేం చప్పుడు వస్తుంది. సంచీ భుజాన వేసుకుని, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒకాయన నా దగ్గర రోజూ బత్తాయి రసం తాగేవాడు. కాకకు సాయం చేద్దామనే అడిగాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నా మనసుకు సరిపోదు, అయినా నిజం. "మగతనం సమస్య అని బుక్కుల రాస్తే అన్‌ఫిట్ చేస్తరా సార్?" అన్నాను.

ఆయన కడుపుబ్బ నవ్వాడు. "కండ్లు, ఊపిరి, గుండె చూస్తరు గని దీనికెవ్వడు అన్‌ఫిట్ చేస్తడు? మందు రాస్తరు, పెద్ద డాక్టరు తానకు పంపుతరు. గంతే. ఇంతకు ఎవ్వలికి?"

సరిగ్గా అప్పుడే కాక రోడ్డు దాటి వస్తున్నాడు. నేను పేరు చెప్పలేదు. ఎవరికీ కాదులే అన్నాను. అంటూనే నా కళ్లు రోడ్డు వైపు వెళ్లి, బండి కింద పెట్టిన గోనెసంచీ మీదికి దిగాయి. ఒక్క క్షణం. కాంపౌండరు కూడా అటు చూశాడు, ఇటు చూశాడు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు.

కాక ఆ రోజు కూర్చోలేదు. దగ్గర బంధువెవరికో బాగాలేదని, బెల్లంపల్లి బస్సు అందుకోవాలని, సంచీ తీసుకుని జల్ది వెళ్లిపోయాడు. కాంపౌండరు చెప్పింది రేపు చెబుదాంలే అనుకున్నాను.

వారం తర్వాత, కాక ఇంకా నా బండికి రాకముందే, నలుగురు కార్మికులు పుచ్చముక్కలు తింటూ చెప్పుకుంటున్నారు. పొద్దున ముస్టర్ దగ్గర, హాజరు పిలిచే చోట, ఎవడో కాక టిఫిన్ డబ్బా మీద పుచ్చతొక్క పెట్టాడట. ఇంకెవడో "పెద్దమనిషి ఇడువలేదంటే గిందుకన్నట్టు" అన్నాడట. వాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. గిరాకీ నవ్వితే నవ్వడం నాకు అలవాటు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాక మళ్లీ నా బండికి రాలేదు. పది రోజులు గోనెసంచీ నింపి ఉంచాను. తర్వాత బర్రెలవాడు తీసుకుపోయాడు. రోడ్డుకు అవతలి అంచున ఆయన సైకిల్ నడిపించుకుంటూ పోవడం కనిపించేది. తల ఇటు తిప్పేవాడు కాదు. ఒక్కసారి కాలనీకి పోయి, "అన్‌ఫిట్ చెయ్యరట కాకా, ధైర్యంగ పో" అని చెబితే చాలు. ఆ ఒక్క మాట చెప్పాలంటే ఎవరిని అడిగానో చెప్పాలి. అది చెబితే నా కళ్లు ఎటు పోయాయో చెప్పాలి. రేపు పోదాం అనుకున్నాను. అలా ఏడాదిన్నర అనుకున్నాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు ఆగిపోయాయి. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. క్వార్టర్ల నుంచి ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు. ఒకరోజు నా బండికి పది అడుగుల దూరంలో పెద్ద డేగిసాలో పప్పు ఉడుకుతోంది. గరిటె తిప్పుతున్నది కాక. పక్కనే ఉల్లిగడ్డలు కోస్తూ ఆయన భార్య. ముస్టర్ దగ్గర మగవాళ్ల నవ్వులు ఆడవాళ్ల దాకా వెళ్లలేదేమో, కాలనీలో మాట మారలేదు. తప్పు ఆమెదే.

ఒక చిన్న పిల్ల పాకుతూ పొయ్యి వైపు వచ్చింది. ఆమె కత్తిపీట వదిలి గబుక్కున ఎత్తుకుంది. పిల్ల ఆమె మెడ పట్టుకుంది. ఇంతలో దాని నాయనమ్మ వచ్చి రెండు చేతులూ చాపింది. కోపంగా కాదు, మెత్తగానే అంది. "ఇటియ్యి బిడ్డా. నీ చేతులల్ల వద్దు."

ఆమె ఇచ్చేసింది. మళ్లీ ఉల్లిగడ్డల ముందు కూర్చుంది.

కాక గరిటెతో డేగిసా అంచు మీద కొట్టాడు, ఒకసారి, రెండోసారి. చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన తల వంచి, ఆ చప్పుడు ఆగేదాకా విని, అప్పుడు మాట్లాడాడు.

"ఆమెకు ఏం కసురు లేదు. కసురు నాకున్నది. ఇరవై ఏండ్ల నుంచి నాకే ఉన్నది. ముస్టర్ కాడ నవ్వేటోళ్లకు ఎరుకే. మీకు గూడ ఎరుకగావాలె అవ్వా. పిల్లను ఆమె చేతికియ్యి."

ఎవరూ నవ్వలేదు. డబ్బా మీద తొక్క పెట్టినవాడు ఆ గుంపులోనే ఉన్నాడేమో, నాకు తెలియదు. నేనైతే ఉన్నాను. నాయనమ్మ ఏం చేయాలో తెలియక పిల్లను పట్టుకుని అలాగే నిలబడింది. కాక భార్య లేచి వచ్చి ఆయన చేతిలోంచి గరిటె తీసుకుంది.

"ఎందుకు చెప్పినవు? నేను మోస్తనే ఉంటి గద" అంది, ఆయనకు మాత్రమే వినబడేలా. నా బండి దగ్గరే కాబట్టి నాకు వినబడింది. తర్వాత పప్పు అడుగంటుతోందని గరిటె తిప్పడం మొదలుపెట్టింది. ఆమె కళ్లనీళ్లు పొగకో, ఉల్లిగడ్డకో అని ఎవరైనా అనుకోవచ్చు. కాసేపటికి ముసలామె వచ్చి పిల్లను ఆమె పక్కన నేల మీద కూర్చోబెట్టింది. చేతికి ఇవ్వలేదు. పక్కన కూర్చోబెట్టింది.

సమ్మె ముగిసిన కొన్నాళ్లకు, మధ్యాహ్నం మూడు దాటాక, కాక నా బండి దగ్గరికి వచ్చాడు. స్టూలు తట్టి కూర్చున్నాడు. కొంచెం చిక్కాడు.

"బుక్కుల రాపిచ్చిన తమ్మీ. డాక్టరు రాసిండు, పెద్ద దవాఖానకు చిట్టి ఇచ్చిండు. అన్‌ఫిట్ చెయ్యరట. దీనికి చెయ్యనే చెయ్యరట. ఇన్నేండ్లు ఉట్టిగనే భయపడ్డ. ఎవ్వల్నన్న అడిగితే చెప్తుండిరేమో. అడుగుదమంటె ఎవ్వలున్నరు నాకు?"

అది నాకు ఏడాదిన్నర ముందే తెలుసు. ఒక దానిమ్మ తీసి కోసి, గ్లాసు కడిగి, రసం తీసి ఆయన ముందు పెట్టాను. మొదటిసారి తాగాడు. బండి కింద సంచీ నిండుగా ఉంది. దాన్ని కొద్దిగా ముందుకు లాగాను.

"వద్దు తమ్మీ. మేకలను అమ్మేసిన."

"నల్లదాన్ని గూడనా కాకా?"

ఆయన చాలాసేపు నవ్వాడు. అలా నవ్వగలడని నాకు తెలియదు.

"దాన్నెట్ల అమ్ముత? ఇయాల పొద్దుగాల నాతోని కూసోని తిన్నది" అన్నాడు. బండి చెక్కను రెండుసార్లు తట్టి, సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

తర్వాత నాకు టీచరు నౌకరి వచ్చింది, బండి తీసేశాను. మందు పనిచేసిందా, చివరికి ఏదైనా పనిచేసిందా, నేను అడగలేదు. అది నేను అడగవలసింది కాదు. చెప్పవలసింది మాత్రం ఒకటి ఉండిపోయింది. తెలంగాణ వచ్చిన ఏడాది ధైర్యం తెచ్చుకుని కాలనీకి వెళ్లాను. క్వార్టర్‌లో వేరేవాళ్లున్నారు. కాక రిటైరయ్యాడట, ఇద్దరూ ఊరికి పోయారట, ఏ ఊరో వాళ్లకు తెలియదు. వాకిట్లో మంచం వేసే చోట మోటారు సైకిల్ నిలబెట్టుకున్నారు. మనిషి దగ్గర తప్పు ఒప్పుకోకుండా మిగిలిపోవడమంత ఒంటరితనం ఇంకోటి లేదని ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ నాకు తెలిసింది.

మా అన్న బిడ్డ ఊరికి వెళ్లిపోయే రోజు వంటింట్లోకి వచ్చింది. నేను పుచ్చకాయ కోస్తున్నాను. తెల్లటి భాగం మందంగా ఉన్న తొక్కలు ఏరి, ఒక సంచీలో వేసి, మూతి కట్టి పక్కన పెట్టాను. అంతకు ముందు నాలుగు రోజులవి కూడా అక్కడే ఉన్నాయి, వాసన వస్తున్నాయి.

"గివన్ని ఎవ్వల కోసం దాస్తున్నవు?" అంది.

"మేకలకు" అన్నాను. నాకు తెలియకుండానే అన్నాను.

అది సంచీ వైపు చూసింది, నా మొహం వైపు చూసింది.

"మనకు మేకలెక్కడియి కాకా?"